ఫర్నేస్ తలుపు మీది చేతిరాత

పక్కింటి అంకుల్ పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను బేస్‌మెంట్‌లో ఇడ్లీ పిండి గిన్నె మూత తీసి చూస్తున్నాను. శనివారం పొద్దున. ఫోన్‌లో ఆంటీ. "మీ అంకుల్ పోయిండు బిడ్డా. లేపితే లేవలే," అన్నారు, అంతే. నేను ఏమన్నానో గుర్తులేదు. మంచులో ఇంటి చెప్పులతోనే పరిగెత్తాను. వాళ్ల గుమ్మంలో నిలబడ్డాక గానీ పిండి గిన్నె మూత ఇంకా నా చేతిలోనే ఉందని తెలియలేదు.

ఆయన గురించి నాలుగు మాటలు రాయమని మా తెలుగు సంఘం పత్రిక వాళ్లు అడిగితే సరేనన్నాను. తీరా రాసి చూసుకుంటే ఉన్నదంతా మా ఇంటి ఫర్నేస్ గురించే. కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది. ఇక కొట్టెయ్యదలచుకోలేదు, మీరే సర్దుకోండి. మిషిగన్ చలి ఎరగనివాళ్ల కోసం చెప్పాలి కదా, ఫర్నేస్ అంటే బేస్‌మెంట్‌లో ఓ మూల నిలబడి ఉండే బీరువాలాంటి ఇనప పెట్టె. లోపల గ్యాస్ మంట ఉంటుంది. ఆ వేడిని ఒక పెద్ద ఫ్యాన్ రేకు గొట్టాల్లోంచి గదిగదికీ తోస్తుంది. జనవరిలో అది ఆగిందంటే ఆ రోజు స్వెటర్లు, మర్నాడు దుప్పట్లు, ఆ తర్వాత నీళ్ల పైపులు పగలడం.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేం ఈ ఇల్లు కొని తొమ్మిదేళ్లయింది. మొదటి చలికాలం ఫర్నేస్ పావుగంట నడిచి ఆగిపోయేది, మళ్లీ నడిచేది. ఎవర్ని పిలవాలో తెలియక వాకిట్లో నిలబడి ఉంటే, పక్కింటి ఆయన మంచు తోసుకుంటూ, "ఏమైంది బిడ్డా?" అన్నారు. మాది తెనాలి వైపు, ఆయనది వరంగల్ వైపు. కార్ల ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసే విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. తెలుగు మాట వినబడేసరికే నాకు సగం చలి తగ్గింది.

వచ్చి మెట్ల దగ్గర బూట్లు విప్పారు. ఫర్నేస్ దగ్గరికి వెళ్తారనుకుంటే వెళ్లలేదు. ముందు మేడ మీద గదులన్నీ తిరిగి నేలలో వేడిగాలి వచ్చే జాలీల మీద చెయ్యి పెట్టి చూశారు. నాలుగు గదుల్లో జాలీలు మూసి ఉన్నాయి. వాడని గదులకి వేడి దండగని నేనే మూశాను. ఆ తర్వాత కిందికి దిగి ఫిల్టర్ లాగి చూశారు. పోపు వాసన ఇల్లంతా పాకకుండా ఉంటుందని షాపులో దొరికినవాటిలో అన్నిటికన్నా మందం ఫిల్టర్ కొని పెట్టింది కూడా నేనే. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసి, "ఇంటికి ముక్కు మూసినవ్, నోరు మూసినవ్. ఇగ అది ఊపిరెట్ల తీసుకుంటది?" అన్నారు. నేను ఆటోమొబైల్ కంపెనీలో టెస్ట్ ఇంజినీర్ని. గాలి గొట్టాల గురించి మీటింగుల్లో నోరు నొప్పి పుట్టేలా మాట్లాడతాను. ఆ పూట ఇంట్లో ఎవరికీ ఆ సంగతి చెప్పలేదు.

మా ఇల్లూ వాళ్ల ఇల్లూ ఒకే బిల్డర్ ఒకేసారి కట్టినవి. రెండిళ్లలోనూ ఒకే రకం ఫర్నేస్. వాళ్లది ఏ ఏడు మూలిగితే మాది ఆ మరుసటి ఏడు మూలిగేది. ఏది చేసినా ఆయన పద్ధతి ఒకటే. పని కాకుండా టీ ముట్టరు. చొక్కా జేబులో మడతపెట్టిన గుడ్డ ఒకటి ఉండేది, చేతులు దానికే తుడుచుకునేవారు. అంట్లు తోమే స్టీల్ పీచు చిన్న ముక్క తీసుకుని, లోపల మంట వెలిగిందో లేదో కనిపెట్టే సన్నటి కడ్డీని మసి పోయేదాకా రుద్దేవారు. ఆ తర్వాత మెట్లలో కింది మెట్టు మీద కూర్చుని టీ గ్లాసు చేత్తో పట్టుకుని వినేవారు. టిక్కుమంటుంది, చిన్న ఫ్యాన్ గుయ్యిమంటుంది, మంట బుస్సుమంటుంది, కాసేపటికి పెద్ద ఫ్యాన్ లేస్తుంది. అది మొత్తం ఒకసారి తిరిగి ఆగేదాకా ఆయనతో మాట్లాడకూడదు. మాట్లాడితే వేలెత్తి ఆపేసేవారు.

అయిపోయాక జేబులోంచి నల్ల మార్కర్ తీసి ఫర్నేస్ తలుపు మీద రాసేవారు. తేదీ, ఏం చేశారో ఒక ముక్క, చివర "మంచిగున్నది." గుండ్రటి అక్షరాలు, బళ్లో పిల్లలు రాసినట్టు ఒత్తి రాసేవారు. తొమ్మిదేళ్లలో ఆ తలుపు నిండా మంచిగున్నది, మంచిగున్నది అని వరసగా దిగిపోయింది. ఎందుకు రాస్తారు అంకుల్ అని ఒకసారి అడిగితే, "రేపు ఎవరన్న తలుపు తీస్తే వానికి తెలవద్దా?" అన్నారు. ఇక్కడ ఫర్నేస్ బాగుచేసేవాళ్లలో తెలుగు చదవగలిగినవాళ్లు ఎంతమంది ఉంటారని నేను నవ్వాను. ఆయన కూడా నవ్వారు, మార్కర్ మూత పెట్టుకుంటూ.

పిండి పొంగే చోటు చూపించింది కూడా ఆయనే. ఈ చలిలో పిండి పులియక ఇక్కడి తెలుగిళ్లలో ప్రతివాళ్లూ పడే అవస్థే నేనూ పడ్డాను. ఓవెన్‌లో లైటు వేసి పెట్టాను, దుప్పటి కప్పాను. ఒక రోజు ఆయన చూసి, ఫర్నేస్ ఎడమ పక్కన జానెడు దూరంలో గాలిలో చెయ్యి ఆడించి, "ఇక్కడ స్టూల్ ఏసి పెట్టు. మీ ఆంటీ ఇరవై ఏండ్ల సంది గిట్లనే పెడుతది," అన్నారు. అడిగితే చెప్పరు, ముందు చెయ్యి పెట్టి చూస్తారు. మమ్మల్ని కూడా అదే చెయ్యమనేవారు. "నన్నెందుకు అడుగుతవ్, ముందుగాల చెయ్యి పెట్టి చూడు" అని ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు. మా అమ్మాయి ఆయన్ని ఫర్నేస్ తాత అని పిలిచేది. ఆయనకి ఆ పేరు నచ్చినట్టే ఉండేది.

పదకొండు రోజుల కార్యక్రమాలు అయిపోయాయి. మర్నాడు పొద్దున లేచేసరికి ఇల్లు చల్లబడి ఉంది. కిందికి వెళ్లి చూస్తే టిక్కుమంటోంది, గుయ్యిమంటోంది, మంట నిలబడటంలేదు. నాకు తెలియకుండానే ఫోన్ తీసి అంకుల్ నంబర్ నొక్కాను. వాళ్లింట్లో మోగి ఉంటుంది. ఆంటీ వినకముందే గబుక్కున పెట్టేసి ఆ మెట్టు మీదే కూర్చున్నాను. ఏడుపు అప్పుడు వచ్చింది. దహనం రోజున రాలేదు, ఫర్నేస్ ఆగిపోతే వచ్చింది. అది ఆయన కోసమో, చలికో, నాకు ఇప్పటికీ తెలియదు.

మొదట వచ్చిన రిపేర్ మనిషి లోపలికి చిన్న కెమెరా పెట్టి చూసి, మంట ఉండే ఇనప గొట్టంలో పగులు ఉందన్నాడు. అందులోంచి విషవాయువు ఇంట్లో గాలిలో కలవచ్చు, దాన్ని ఇక వెలిగించకూడదు, మొత్తం మార్చాల్సిందే అన్నాడు. అని బ్యాగులోంచి రంగుల కాగితాలు తీశాడు. ఆ కాగితాలు చూడగానే నాకు నమ్మకం పోయింది. మధ్యాహ్నం ఇంకొకాయన్ని పిలిచాను. ఆయన చూసి, అది పగులు కాకపోవచ్చు, అతుకు దగ్గర తుప్పు గీత అయ్యుండొచ్చు, కచ్చితంగా చెప్పలేను, ప్రస్తుతానికి ఆ కడ్డీ శుభ్రం చేస్తే వెలుగుతుంది, ఇష్టం మీది అన్నాడు. పోతూపోతూ ఇంకోమాట కూడా అన్నాడు. పొగని బయటికి తోసే చిన్న మోటార్ ఈ ఫర్నేస్‌తో వచ్చింది కాదట, ఇలాంటిదే వేరే ఫర్నేస్‌లోంచి తీసి పెట్టిందట. ఎవరో బాగా చేశారు, స్క్రూలు కూడా తుడిచి బిగించారు అన్నాడు.

ఎవరో ఏమిటి, అంకులే. నవంబర్ చివర్లో ఆ మోటార్ గరగరమంటుంటే వచ్చి మార్చారు. ఆయన మా ఇంటికి పనికని రావడం అదే ఆఖరు. ఆ రోజు చాలాసేపు టార్చి వేసుకుని లోపలికి చూశారు. విషవాయువు వస్తే కూసే అలారాలు రెండు తనే కొనుక్కొచ్చి, ఒకటి కిందా ఒకటి మా పడగ్గది బయటా పెట్టారు. "ఇది కూస్తే ఏం సోచాయించకు. పిల్లను తీసుకోని బయటికి నడువు," అన్నారు. ఆ తర్వాత ఇంకేదో కూడా అన్నారు. నేను ఏదో జవాబు చెప్పాను. అదేమిటో ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు. నా చేతిలో పిండి గిన్నె ఉందని మాత్రం గుర్తుంది.

మావారు మార్చేద్దామన్నారు. ఆయన చేతికి ఎక్సెల్ షీటు దొరికితే పెళ్లి సంబంధం కూడా అందులోనే తేలుస్తారు. కంపెనీలు, వారంటీలు, అన్నీ రంగురంగుల గడుల్లో పెట్టి నా ముందు పెట్టారు. నేను బాగుచేయిద్దామన్నాను. ఎందుకంటే చెప్పలేకపోయాను. కాసేపటికి ఆయన పోనీ బాగుచేయిద్దాం అంటే, పగులు నిజమైతేనో అని నేనే అడ్డుపడ్డాను. గదిలో పెట్టుకునే చిన్న హీటర్లు రెండు తెచ్చుకుని ముగ్గురం ఒక్క గదిలో చేరాం. "అమ్మా, రిపేర్ ఆర్ న్యూ, ఏదో ఒకటి డిసైడ్ చెయ్. నా ఫింగర్స్ ఫ్రీజ్ అవుతున్నయ్," అంది అమ్మాయి. ఆఫీసులో నేను రోజుకి పది నిర్ణయాలు చేస్తాను. ఇంట్లో మాత్రం ఈ ఒక్కటీ ఎటూ తేలలేదు. నిజానికి నేను ఫర్నేస్ గురించి ఆలోచించడమే లేదు. అంకుల్ అయితే ఏమనేవారా అని ఆలోచిస్తున్నాను. ఆయన అన్నదే కదా నాకు గుర్తురానిది.

మర్నాడు పొద్దున వెళ్లి తలుపు ముందు నిలబడ్డాను. పైనుంచి చదువుకుంటూ వచ్చాను. కడ్డీ తుడిచిన, మంచిగున్నది. బెల్టు కాడ నూనె ఏసిన, మంచిగున్నది. జాలీలు తెరిపిచ్చిన, మంచిగున్నది. చిట్టచివర నవంబర్ తేదీ వేసి, మోటార్ మార్చిన, లోపల చూసిన అని ఉంది. అంతే. దాని తర్వాత ఖాళీ. అన్నేళ్లలో ఆ మాట రాయకుండా వదిలేసింది అదొక్కసారే. రెండు నెలలు రోజూ పిండి గిన్నెతో దాని ముందు నిలబడ్డదాన్ని, ఒక్కసారీ నా కంటపడలేదు.

కోటు కూడా వేసుకోకుండా వాళ్లింటికి వెళ్లాను. ఆంటీ సోఫాలో కూర్చుని ఉన్నారు. పరామర్శించాల్సింది పోయి, "అంకుల్ మా ఫర్నేస్‌కి మోటార్ ఎక్కడ కొన్నారాంటీ?" అని అడిగాను.

"కొనుడేంది? మా దాంట్లెది తీసిండు."

"మరి మీది?"

"మాది కొత్తది గద బిడ్డా. దసరా అయినంక పెట్టిచ్చిండు. నీకు తెల్వదా?"

నాకు తెలియదు. అక్టోబర్‌లో వాళ్ల డ్రైవ్‌వేలో ఒక వ్యాన్ ఆగి ఉండటం చూసి ఏసీ సర్వీసనుకున్నాను. ఆంటీకి మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగలేరు. పోయి చూడు అంటే నేనొక్కదాన్నే దిగాను. బూడిదరంగు కొత్త పెట్టె, సగం ఎత్తు, చప్పుడే లేదు. దాని తలుపు మీద ఒక్క అక్షరం లేదు. పక్కన బల్ల మీద అట్టపెట్టె ఉంది. మూత తీస్తే వాళ్ల పాత ఫర్నేస్‌లోంచి తీసిన సామాను, ఒక్కొక్కటీ పాత చొక్కా గుడ్డలో చుట్టి ఉంది. పెట్టె మీద నల్ల మార్కర్‌తో, అవే గుండ్రటి అక్షరాల్లో, "పక్కింటికి" అని రాసి ఉంది.

నాకు కోపం వచ్చింది. దాచుకోకుండా చెప్తున్నాను, పోయి రెండు వారాలు కాని మనిషి మీద కోపం వచ్చింది. తన ఇంట్లో కొత్తది పెట్టుకుని మాకు పాత సామాను దాచిపెట్టారా? లోపల పగులు చూసి కూడా చెప్పలేదా? ఆ అట్టపెట్టె బాగుచెయ్యమంటోందా, ఆ కొత్త ఫర్నేస్ మార్చమంటోందా? పైకి వచ్చి ఆంటీని అడిగేశాను. అడిగిన తీరు కూడా బాగాలేదు.

ఆంటీ నా మొహంలోకి చూశారు. "నీకు చెప్పిన అన్నడే. మార్చుకోమని చెప్తే నవ్వింది అన్నడు."

అప్పుడు గుర్తొచ్చింది. పిండి గిన్నె పట్టుకుని ఉన్నాను. ఆయన టార్చి ఆపి, "బిడ్డా, దీన్ని ఇగ మార్చుకుంటె మంచిగుంటది," అన్నారు. నేను పకపకా నవ్వి, "మీరుండగా మాకు కొత్తదెందుకు అంకుల్?" అన్నాను. మెచ్చుకున్నాననే అనుకున్నాను. ఆయన జేబులోని గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నారు. మళ్లీ మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు. "సరె తియ్, చలికాలం పోనీ, కూసోని మాట్లాడుదాం," అన్నారు. నేను టీ పెట్టడానికి పైకి వెళ్లిపోయాను.

"మాదెందుకు మార్చిండో తెలుసా," అన్నారు ఆంటీ. "నేను లేకుంటె దీన్ని ఎవరు బతిమాల్తరు అన్నడు. నువ్వు కిందికి దిగలేవు, దాని తాన నిలవడే మనిషి లేకున్నా నడిచేది కావాలె అన్నడు. నేను తిట్టిన, గా మాటలెందుకని."

"మరి ఆ పెట్టె ఎందుకాంటీ? మార్చుకోమన్నవాళ్లు మళ్లీ సామాను ఎందుకు దాచారు?"

"అది నీకోసం కాదు బిడ్డా. ఆయన కోసం. నువ్వు పిలిస్తే వట్టి చేతులతోని రావద్దని."

అంకుల్ మా ఫర్నేస్ లోపల ఏం చూశారు, అది పగులా, తుప్పు గీతా అని అడిగాను. అది తనకి చెప్పలేదన్నారు. అంత తెలిసినాయన ఇంకొక్కసారి గట్టిగా ఎందుకు చెప్పలేదు? కొత్తది పెట్టుకుంటే మేమిక పిలవమనుకున్నారా? నా నవ్వు చూసి నొచ్చుకున్నారా, మురిసిపోయారా? రెండూ అయ్యుంటాయని ఒక రోజు అనుకుంటాను. రెండూ కాదని మర్నాడు అనుకుంటాను. ఎంత ఆలోచించినా తెగడంలేదు. ఒక్కటి మాత్రం తేలింది. తొమ్మిదేళ్లు మా ఇంటిని వెచ్చగా ఉంచింది ఆ ఇనప పెట్టె అనుకున్నాను. దాని పక్కన మనిషి ఉన్నన్నాళ్లే అది నడిచింది. ఇంటికి రాగానే మావారితో, "మార్చేద్దాం," అన్నాను. ఆయన ఎక్సెల్ షీటు తెరవబోతే, "మార్చేద్దాం అంతే," అన్నాను.

రెండో రోజు మనుషులు వచ్చి పాతదాన్ని విప్పి చక్రాల బండి మీద పైకి లాక్కెళ్లారు. తలుపు మాత్రం ఇవ్వనన్నాను. ఇది దేనికీ పనికిరాదు మేడమ్ అన్నాడు వాళ్లలో పెద్దాయన. దాని మీద రాత చూపించి, ఏం రాసుంది అని అడిగాడు. బాగుందని రాసుంది అన్నాను. ఎన్నిసార్లు అని అడిగాడు. చాలాసార్లు అన్నాను. ఆయన దాన్ని గుడ్డతో తుడవబోతే ఆపి, నేనే తీసుకెళ్లి గోడకి ఆనించాను.

ఇల్లు వెచ్చబడింది. పైపులు పగల్లేదు, అమ్మాయి వేళ్లు ఫ్రీజ్ కాలేదు. కానీ పిండి పొంగలేదు. కొత్త ఫర్నేస్ వేడినంతా గదుల్లోకే పంపిస్తుంది, తన ఒళ్లు మాత్రం చల్లగా ఉంచుకుంటుంది. ఎడమ పక్క స్టూల్ మీద పెట్టిన పిండి పెట్టినట్టే ఉంది. రెండో రోజు కూడా అంతే. అప్పుడు ఆంటీకి ఫోన్ చేసి, "మీ పిండి ఎలా పొంగుతోందాంటీ?" అని అడిగాను.

"నాది గూడ మొదట్ల పొంగలే. ఆయన చెయ్యి పట్టి కిందికి దింపి జాగ చూపిచ్చిండు," అన్నారు. కొంచెం ఆగి, "నేనొస్త తియ్," అన్నారు.

వద్దన్నా వచ్చారు. మా బేస్‌మెంట్ మెట్లు ఒక్కొక్కటే, రెండు చేతులా రెయిలింగ్ పట్టుకుని దిగారు. నేను వెనక పట్టుకోబోతే వద్దన్నారు. కింది మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగారు. అక్కడ ఆయన కూర్చునేవారని నేను చెప్పలేదు. గోడకి ఆనించిన తలుపు చూసి దగ్గరికి వెళ్లి, పైనుంచి కిందిదాకా వేలుపెట్టి చదువుకున్నారు. చివరి వరస దగ్గర వేలు ఆగింది.

తర్వాత కొత్త ఫర్నేస్ దగ్గరికి వచ్చారు. దానివైపు చూడను కూడా చూడలేదు. దాని నెత్తి మీంచి గదుల్లోకి వెళ్లే పెద్ద రేకు గొట్టం మీద అరచెయ్యి ఆనించారు. మెల్లగా పక్కకి జరిపారు, ఆగారు, మళ్లీ జరిపారు. లోపల పెద్ద ఫ్యాన్ లేచింది. నేను ఏదో అడగబోతే వేలెత్తి ఆపారు. చెయ్యి ఇంకో జానెడు జరిగి నిలబడింది.

"ఇక్కడ," అన్నారు.

నేను ఎత్తు స్టూల్ తెచ్చి అక్కడ వేసి, పిండి గిన్నె పెట్టి మూత మూశాను. ఆంటీ చెయ్యి మాత్రం ఆ రేకు మీద నుంచి తియ్యలేదు.